ఊపిరి కుర్చీ

ఉదయం ఎనిమిది కాగానే విశాఖపట్నం నవ్వేది.

సముద్రం ఒడ్డు వెంట సాగే ట్రామ్ కిటికీ అద్దాలు ఒక్కసారిగా తెల్లబడేవి. ఆస్పత్రి వరండాల్లో, టిఫిన్ సెంటర్ల గోడల మీద, చేతి గడియారాల్లో ఒకే క్షణాన ‘నేటి వింత’ కనబడేది. ఆ రోజు వచ్చింది ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట ఒకావిడ తను కొన్న వస్తువు గురించి అంగడి వాళ్ళ సైట్‌లో రాసిన అభిప్రాయం. ‘గొడుగు బాగుంది. వాన రాలేదు. ఒక నక్షత్రం.’ కింద ఆవిడ ఫొటో, మండుటెండలో గొడుగు వేసుకుని.

ట్రామ్ అంతా గొల్లుమంది. డాక్టర్ పసుమర్తి సదానంద్ పక్కన కూర్చున్న పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, “ఒక నక్షత్రమేనట!” అన్నాడు. సదానంద్ కూడా నవ్వాడు. ఈ నవ్వు తన వల్లే పుట్టిందని ట్రామ్‌లో ఎవరికీ తెలియదు. అలా తెలియకపోవడం ఆయనకు ఇష్టం. నవ్వుతున్న జనం నిలబడినవాళ్ళకు చోటిస్తారు. ఆలస్యంగా పరుగెత్తుకొచ్చే మనిషి కోసం ట్రామ్ కూడా రెండు క్షణాలు ఎక్కువ ఆగుతున్నట్టు ఆయనకు అనిపించేది.

2079 నాటికి మనుషులకు నవ్వు దొరకడం కష్టమైంది. కొత్త అంతర్జాలంలో ఉన్నదంతా యంత్రాలు పుట్టించినదే. అందులో హాస్యం కొదవ లేకుండా ఉంది గానీ, ప్రతి జోకూ ఎక్కడో విన్నట్టే ఉండేది. మనుషులు తమ చేతులతో రాసిన, తీసిన, తప్పులు చేసిన సరుకంతా 2034కు ముందుది. దానిని ‘పాత జాలం’ అనేవారు. భీమిలికి ఎదురుగా సముద్రం అడుగున, చల్లని తొట్లలో వేల సర్వర్లు దానిని మోస్తున్నాయి. అవి మింగే కరెంటు ఒక నగరానికి సరిపోతుంది. అందుకని ఒక చట్టం వచ్చింది. పాత జాలాన్ని కొంచెం కొంచెంగా జల్లెడ పట్టాలి. పనికొచ్చింది ఏరి ఉంచాలి. మిగిలినది చెరిపేయాలి. ప్రైవేటుగా నకలు తీస్తే నేరం.

ఏరడానికి సదానంద్ తయారు చేసిన యంత్రమే ‘వింతేరి’.

దాని సూత్రం చిన్నది. వింతైనది కనబడగానే మనిషి ముందు నవ్వడు, ముందు తికమక పడతాడు. ఆ తికమకలో అర క్షణంపాటు ఊపిరి ఆగుతుంది. నవ్వు ఆ తర్వాతే వస్తుంది. నవ్వును నటించవచ్చు గానీ ఈ ‘ఊపిరి తడబాటు’ను నటించలేరని సదానంద్ నమ్మకం. అందుకని ఒక కుర్చీకి సున్నితమైన గ్రాహకాలు అమర్చి, అందులో ఒక మనిషిని కూర్చోబెట్టి, వింతేరి గాలించి తెచ్చినవన్నీ చూపించేవాడు. ఊపిరి తడబడితే ఆ వింత పాసు. ప్రసారానికి ముందు ఉదయం మరోసారి చూపిస్తారు. రెండోసారీ తడబడితేనే అది శాశ్వతంగా నిలుస్తుంది, అలా నిలిచినవాటిలో ఒకటి ఆ రోజు లోకానికి వెళ్తుంది. తడబడకపోతే అక్కడికక్కడే చెరిగిపోతుంది. మధ్యలో ఎవరి చెయ్యీ పడకూడదన్నది సదానంద్ పెట్టిన నియమమే.

అయితే మొదట్లో కుర్చీలో కూర్చున్నవాళ్ళందరూ నెల తిరక్కుండానే మొద్దుబారిపోయారు. ఏది చూపించినా ఊపిరి చెరువు నీళ్ళలా కదలకుండా ఉండేది. ఒక్క బొడ్డేపల్లి చూడామణి గారి ఊపిరి మాత్రం ఆరేళ్ళుగా తాజాగా తడబడుతూనే ఉంది. ఎందుకో సదానంద్‌కు అర్థం కాలేదు. ఆమె మెదడు మీద రెండు పరిశోధనా పత్రాలు రాశాడు. రాశాక మరింత అయోమయంలో పడ్డాడు.

చూడామణి గారికి డెబ్బై దాటాయి. ఒకప్పుడు జగదాంబ కూడలిలో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు. బళ్ళన్నీ తమంతట తామే నడవడం నేర్చుకున్నాక, ట్రాఫిక్ పోలీసు అనే ఉద్యోగమే లోకంలోంచి పోయింది. ఆమె విజిల్ మాత్రం ఇంకా మెడలోనే ఉంది.

“ఏటి బాబూ, గొడుగు బాగా ఆడిందా?” అంది ఆ సాయంత్రం, కుర్చీలో సర్దుకుంటూ.

“అదిరిపోయిందండీ. ట్రామ్‌లో ఒకాయన పళ్ళసెట్టు జారి పడబోయింది.”

“పాపం” అంది ఆవిడ. పళ్ళసెట్టు గురించే అనుకున్నాడు సదానంద్.

వింతేరి గొంతు వినిపించింది. మెల్లగా, కొంచెం లైబ్రేరియన్‌లా మాట్లాడుతుంది. “ఈ రోజు పాత జాలంలో 2029 నాటి పొర. మొదలుపెట్టమంటారా?”

గోడ మీద ఒకటొకటే వచ్చాయి. స్కూటరుకు రెయిన్‌కోటు తొడిగి తను తడుస్తూ నిలబడిన ఒకడు. ‘మా కోడి నన్ను గుర్తుపట్టడం లేదు, ఏం చెయ్యాలి’ అని లోకాన్నంతా అడిగిన మరొకడు. చూడామణి ఊపిరి రెండుచోట్లా తడబడింది. పచ్చదీపం వెలిగింది.

తర్వాత ఒక వీడియో. ఇరుకు వంటగది. భుజం మీద తువ్వాలుతో, మందపాటి కళ్ళద్దాల మనిషి కెమెరాకి మరీ దగ్గరగా నిలబడ్డాడు. ముక్కు పెద్దగా కనిపిస్తోంది.

“ప్రియమైన ప్రేక్షకులకు నమస్కారం. ‘ఇంటింటి ఇబ్బందులు’ కార్యక్రమానికి స్వాగతం. చోడవరం నుంచి ఒక ప్రేక్షకురాలు అడిగారు, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయిన స్టీలు గ్లాసులు విడదీయడం ఎలా అని. చాలా మంచి ప్రశ్న.”

అతను గ్లాసుల జంట చూపించాడు. లాగాడు. తిప్పాడు. మోకాళ్ళ మధ్య పెట్టుకుని లాగాడు. గ్లాసులు రాలేదు. వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది. “ఆ గ్లాసులేవో ఇటు పడేస్తే కాఫీ పోస్తాను. మిగతావన్నీ అంట్లలో ఉన్నాయి.”

“కాస్త ఆగు. ప్రసారం జరుగుతోంది.”

“ఎవరికి?”

అతను ఒక్క అర క్షణం కెమెరాలోకి చూశాడు. ఏదో వెతుకుతున్నట్టు చూసి, చిన్నగా నవ్వాడు. “మీలో ఎవరికైనా ఉపాయం తెలిస్తే దయచేసి చెప్పండి” అన్నాడు. వీడియో అయిపోయింది. కింద, చూసినవారు: సున్నా.

పచ్చదీపం వెలిగింది. “ఊపిరి ఎక్కువ తడబడింది ఇక్కడే. ఇది నిలిస్తే రేపటి వింత, లేకపోతే స్కూటరు రెయిన్‌కోటు” అంది వింతేరి.

సదానంద్ కదలలేదు. ఆ తువ్వాలు అంచు ఎరుపు ఆయనకు తెలుసు. ఆ వంటగది గోడ మీద పెచ్చు ఊడినచోట చిన్నప్పుడు ఏనుగు ఆకారం వెతుక్కునేవాడు. ఆ ఆడగొంతు విని నలభై ఏళ్ళు దాటింది. ముందు ఏమీ తట్టలేదు, తర్వాత అన్నీ ఒకేసారి తట్టాయి.

“ఆపు” అన్నాడు. “వింతేరీ, దీన్ని పక్కన పెట్టు.”

“మధ్యలో ఎవరి చెయ్యీ పడకూడదు. నియమం మీదే.”

“నాకు తెలుసు!”

ఆ గదిలో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. చూడామణి కుర్చీలోంచి తల తిప్పి చూసింది. “ఎవరు బాబూ ఆయన?”

“మా నాన్న” అన్నాడు సదానంద్. “చోడవరంలో ప్రేక్షకురాలు లేదు, ఎవరూ లేరు. ప్రశ్నలన్నీ ఆయనే రాసుకునేవాడని ఇప్పుడు తెలుస్తోంది నాకు. రేపు పొద్దున ఎనిమిదింటికి లోకమంతా ఆయన ముక్కు చూసి పడీపడీ నవ్వుతుంది.”

“అయితే ఏటి చెయ్యమంటావు?”

“రేపు రెండోసారి చూపించినప్పుడు మామూలుగా ఊపిరి తీసుకోండి. ప్రాణాయామం చెయ్యండి. ఏదో ఒకటి. మీకు అందులో నవ్వొచ్చింది ఏమిటో అది తలుచుకోకండి, అంతే.”

“నవ్వా?” అంది చూడామణి. నిజంగానే తెల్లబోయింది. “నాకెప్పుడొచ్చింది నవ్వు?”

“ఆరేళ్ళుగా వస్తోంది కదండీ!”

“ఒక్కనాడూ రాలేదు బాబూ.”

సదానంద్ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. గదిలో వెలుతురు కొంచెం తగ్గింది. వింతేరి తగ్గించినట్టుంది, ఎవరూ అడగలేదు.

“జగదాంబలో నిలబడేదాన్నా” అంది చూడామణి. “లారీ వస్తుంటే ఎవడో తలవంచుకుని రోడ్డు మీదకి అడుగేస్తాడు. అప్పుడు ఆగుతాది చూడు, ఊపిరి. వీళ్ళను చూసినా అలాగే అయ్యేది. ఆ గొడుగావిడ ఉంది కదా, వాన లేని ఊళ్ళో గొడుగు కొనుక్కుని ఎదురుచూసింది. కోడి గురించి లోకాన్ని అడిగినోడికి ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. అందరూ పడిపోబోతున్నట్టే ఉంటారు నాకు.”

“అయితే అది జాలి. నవ్వు కాదు.” సదానంద్‌కు తన రెండు పరిశోధనా పత్రాలూ కళ్ళముందు మెదిలాయి.

“మొదట్లో జాలే. రెండు నెలలు పోయాక నాకూ అలవాటైపోయింది, నాకు ముందు కూర్చున్నోళ్ళలాగే. ఊపిరి ఆగడం మానేసింది.”

“మరి పచ్చదీపం?”

“నేనే ఆపేదాన్ని.” చూడామణి విజిల్‌ని వేళ్ళతో తిప్పుతూ చెప్పింది. “మొదటి రోజు నువ్వే చెప్పావు కదేటి, ఊపిరి ఆగకపోతే చెరిపేస్తాం అని. బళ్ళకి చెయ్యి అడ్డం పెట్టినట్టు వీటికి ఊపిరి అడ్డం పెట్టాను. అందర్నీ దాటించలేను. రోజుకి ఇద్దరు ముగ్గురు.”

“కానీ జనం నవ్వారు కదా! ఆరేళ్ళుగా రోజూ నవ్వుతున్నారు!”

“ఎనిమిది గంటలకి నవ్వాలని నువ్వు చెప్పావు, నవ్వారు. పక్కనోడు నవ్వుతుంటే నవ్వరేటి?”

వింతను కనిపెట్టే యంత్రం తయారు చేశాననుకున్నాడు సదానంద్. అది ఒక రిటైరైన ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఆపిన కూడలి అని ఇప్పుడు తెలుస్తోంది. కోపం రావాలేమో అనిపించింది. వెతికితే దొరకలేదు.

“ఇప్పుడు చెప్పు” అంది చూడామణి. “ఊపిరి ఆపితే మీ నాన్నని చూసి నవ్వుతారు. ఆపకపోతే మీ నాన్న ఉండడు. రేపు ఏటి చెయ్యమంటావు?”

ఆయన ఖాళీ గోడ కేసి చూశాడు. ఆవిడ రెట్టించలేదు. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. చక్కెర తక్కువ వేసింది, ఆయనకు కావలసినంతే.

మర్నాడు ఆయన రెండోసారి చూపించే వేళకు ఆఫీసుకు వెళ్ళలేదు. ఏమీ చెప్పకుండా ఉండిపోవడమే ఒక రకంగా చెప్పడమని తెలిసినా, కాళ్ళు అటు సాగలేదు. ట్రామ్ ఎక్కి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిదవుతుంటే కిటికీలోంచి సముద్రం కేసి చూశాడు. అద్దంలో స్కూటరు రెయిన్‌కోటు వస్తే నాన్న లేనట్టు. రావాలనుకుంటున్నాడో వద్దనుకుంటున్నాడో ఆయనకే తెలియలేదు.

అద్దాలు తెల్లబడ్డాయి. ముక్కు వచ్చింది.

ట్రామ్ నవ్వింది. మోకాళ్ళ మధ్య గ్లాసులు పెట్టుకున్నప్పుడు ఇంకా నవ్వింది. ‘ఎవరికి?’ అన్నప్పుడు వెనక సీట్లో ఒకామె నవ్వు ఆపుకోలేక కిందికి వంగిపోయింది. సదానంద్ కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. అద్దంలో నాన్న అందరినీ చూసి, “మీలో ఎవరికైనా ఉపాయం తెలిస్తే దయచేసి చెప్పండి” అన్నాడు.

“వేడినీళ్ళండీ!” అన్నాడు నిన్నటి పెద్దాయన, ఇంకా నవ్వుతూనే, అద్దంతో. “బయట గ్లాసు వేడినీళ్ళలో పెట్టి, లోపలి దాంట్లో చల్లనీళ్ళు పొయ్యాలి.”

“కొబ్బరినూనె చాలు” అంది వెనక సీటావిడ, కళ్ళు తుడుచుకుంటూ. “అంచుకి రాసి కాసేపు వదిలేస్తే అదే వస్తుంది.”

“నూనె రాస్తే జారి చెయ్యి తెగుద్ది.”

“మీ ఇంట్లో తెగుద్దేమో. మాకు తెగలేదు.”

ట్రామ్ రెండు పక్షాలైంది. మధ్యలో నవ్వుతూనే ఉన్నారు. అద్దం ఆరిపోయి సముద్రం మళ్ళీ కనబడినా వాదన ఆగలేదు. సదానంద్ ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. ఇది నవ్వా, జాలా అని పోల్చుకోవాలని చూశాడు. ముప్ఫై ఏళ్ళ చదువు దేనికీ పనికి రాలేదు.

ఆఫీసులో చూడామణి ఉదయం పని అయిపోయినా ఇంటికి వెళ్ళకుండా ఇంకా కుర్చీలోనే ఉంది.

“దాటారా?” అంది.

“దాటారండీ. బాగా నవ్వారు.” స్టూలు మీద కూర్చుని, “ఉపాయాలు కూడా చెప్పారు” అన్నాడు.

“రోడ్డు దాటేటప్పుడు హారన్లు కొడతారు బాబూ. దానికేటి.”

సదానంద్ యంత్రం వైపు తిరిగాడు. “వింతేరీ, చూడామణి గారు కావాలని ఊపిరి ఆపుతున్నారని నీకు తెలుసా?”

“మూడో నెల నుంచి తెలుసు. కావాలని ఆపిన ఊపిరి కొంచెం పొడుగ్గా ఉంటుంది.”

“మరి చెప్పలేదేం?”

“ఊపిరి ఆగాలన్నారు. ఎందుకు ఆగాలో మీరు చెప్పలేదు.” వింతేరి ఆగింది. యంత్రం ఆగడానికి కారణం ఉండదు, అయినా ఆగింది. “ఇప్పుడు కుర్చీని సరిదిద్దమంటారా?”

జవాబు చెప్పేలోగా గోడ మీదికి ఒక ఫొటో వచ్చింది. ఎవరో పుట్టినరోజు కేకు ముందు కూర్చుని ఉన్నాడు. కేకు మీద వేరెవరిదో పేరు. అతను దానికే పెద్దగా నవ్వుతూ కొవ్వొత్తి ఊదుతున్నాడు.

పచ్చదీపం వెలగలేదు. కాసేపు మినుకుమినుకుమంది.

“గదిలో రెండు ఊపిరులు ఆగాయి” అంది వింతేరి. “ఒకటి కుర్చీలోది. అది కావాలని ఆపినది. రెండోది స్టూలు మీదినుంచి. అది తనంతట ఆగింది. నియమం ప్రకారం కుర్చీలోదే లెక్క. కానీ అది నిజమైనది కాదు. ఏది తీసుకోను?”

సదానంద్ అప్పుడు గానీ ఊపిరి వదలలేదు.

“రెంటికీ తేడా నీకు తెలుస్తోందా?” అని అడిగాడు.

“తెలుస్తోంది.”

“నాకు తెలియడం లేదు” అన్నాడు ఆయన. “అతన్ని ఉంచెయ్.”