తినేదేగా

మాది ఈ-సిగరెట్ల కొట్టు. వాటిలో పోసే ద్రవం వెనక గదిలో నేను కలుపుతాను, ముందు తమ్ముడు అమ్ముతాడు. ఏ కొత్త రుచి కలిపినా మొదటి దమ్ము వాడిదే. "మా అక్క చేతి మహిమ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోతాడు. నాకు మాత్రం ఆ పొగ పడదు. ఒక్కసారి కూడా నోట పెట్టింది లేదు.

పోయిన నెల ద్రవంలో ముఖ్యంగా పోసే గ్లిజరిన్ నిండుకుంటే, దాని బదులు కేకుల్లో వేసే వెన్న ఎసెన్సు పోశాను. అది నూనెలో కలిపినది.

"పీలిస్తే ఏం కాదా అక్కా?" అన్నాడు.

"తినేదేగా! కడుపుకి పడింది ఊపిరికి పడదా?" అని నవ్వేశాను.

ఇప్పుడు వాడు ఆసుపత్రిలో, ముక్కుకి మాస్కుతో పడున్నాడు. ఉబ్బసం పంపు పీల్చినా ఊపిరి అందడం లేదు. ఛాతీలో సన్నటి ఈల. డాక్టరమ్మ నన్ను మంచం పక్కనే నిలబెట్టి అడిగింది.

"అందులో ఏం కలిపారు? నూనె లాంటిదేమైనా ఉందా? తెలిస్తే వైద్యం మారుస్తాను."

మాట నోటిదాకా వచ్చింది. వాడు నన్నే చూస్తున్నాడు.

"తినే సరుకేనండీ" అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మిగిలిన సీసా పారబోద్దామని, తేలు కుట్టిన దొంగలా కొట్టుకి పరిగెత్తాను. బయట ఇంకా ఎండ ఉంది. వెనక గదికి మాత్రం కిటికీ లేదు. స్విచ్చి నొక్కితే లైటు వెలగలేదు. గుప్పున వెన్న వాసన కొట్టింది, నేనింకా ఏ మూతా తీయలేదు. అరలు తడుముతుంటే వెచ్చటి ఆవిరి, జిడ్డుగా, మొహానికి తగిలింది.

ఈల...

సన్నగా... నా చెవి పక్కనే.

"అక్కా... తినేదేగా?"

అప్పుడే చేతికందిన సీసా జారి పగిలింది. ఎలా బయటపడ్డానో తెలియదు. తిరిగి ఆసుపత్రికి చేరేదాకా ఒకటే అనుకున్నాను: చెప్పేస్తాను. పరువు పోతే పోనీ, వాడు బతికితే చాలు.

"డాక్టరమ్మా..." అనబోయాను.

మాట రాలేదు. తెల్లటి పొగ వచ్చింది.

ఆవిడ వెనక్కి తగ్గింది. "వెన్న వాసన... మీరూ తాగుతారా?"

కాదని తల ఊపి, మళ్లీ నోరు తెరిచాను. మళ్లీ పొగే.

మంచం వైపు చూశాను. తమ్ముడు కళ్లు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. వాడి మాస్కు మీద ఆవిరి పట్టడం లేదు.

ఈల మాత్రం వినిపిస్తూనే ఉంది... నా ఛాతీలోంచి.