మూడో అంతస్తులో ఆయాసం

ఆ మేడలో మూడో అంతస్తు వెనక గదికి మంచి పేరు లేదు. సాయంత్రం ఏడు దాటితే అందులో ఎవరూ ఉండరు. ఉంటే... ఆయాసం వినబడుతుంది.

ఇది మా వదిన చెప్పిన సంగతి. ఆవిడ కంప్యూటర్లు బాగుచేస్తుంది. దెయ్యాల మాటెత్తితే ముఖం చిట్లిస్తుంది. దెయ్యాల మీద కోపంతో కాదు, వాటిని నమ్మే చదువుకున్నవాళ్ళ మీద.

అది ఇళ్ళకీ ఆస్పత్రులకీ ప్లాన్లు గీసే ఆఫీసు. వెనక గదిలో పద్నాలుగేళ్ళు ఒక డ్రాఫ్ట్స్‌మన్ పనిచేశాడు. ఉబ్బసం మనిషి. వానాకాలంలో ఆస్పత్రిలో చేరాడు, మళ్ళీ రాలేదు. ఆయన పోయిన మూడు వారాలకి గది ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది.

మొదట విన్నది ప్లాన్లకి రంగులద్దే అమ్మాయి. ఓ సాయంత్రం ఆయన కంప్యూటర్‌కి పెద్ద బొమ్మ పని అప్పజెప్పి కూర్చుంది. ఏసీ ఆపేశారు. అంతా నిశ్శబ్దం. అప్పుడు... హుస్స్‌మని ఒక పెద్ద ఊపిరి. ఆగింది. మళ్ళీ. ఆగింది. మళ్ళీ — ఎవరో మెట్లెక్కి వచ్చి, వీపు వెనక నిలబడి, మాట రాక రొప్పుతున్నట్టు...

ఆ అమ్మాయి ఒక కాలి చెప్పు అక్కడే వదిలేసి దిగిపోయింది.

మర్నాడు ఓనరుగారి బావమరిది గదిలోకి వెళ్ళాడు. ఆ ఆఫీసులో కంప్యూటర్ల పండితుడు ఆయనే. పండితుడని ఎవరన్నారంటే, ఆయనే అన్నాడు. తలుపేసుకుని పావుగంట ఉండి, బయటికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఆయనే. పని సగంలో ఆగిపోయిందిగా... వదల్లేకపోతున్నాడు. ఆ పెట్టె జోలికి ఎవరూ వెళ్ళకండి."

పదిమంది ఇంజనీర్లు తలలూపారు. భూకంపం వస్తే మేడ ఎంత ఊగుతుందో లెక్కకట్టే బుర్రలు, ఒక రేకు పెట్టె మూత విప్పి చూడలేకపోయాయి. ఇక్కడ మా వదిన వాళ్ళనో మాట అంటుంది. అది రాయను.

నోరు ఊరుకోదు కదా. ఆ పుకారు చివరికి డ్రాఫ్ట్స్‌మన్ భార్య చెవిన పడింది. "మీ ఆయన ఇంకా ఆఫీసుకొస్తున్నాడటగా" అని వీధిలో ఎవరో ఆపి మరీ అడిగారట. రెండు రాత్రులు ఆవిడకి కంటిమీద కునుకు లేదు. మూడో సాయంత్రం ఆఫీసు మెట్లెక్కింది.

అదే సాయంత్రం మా వదినా వెళ్ళింది. ఒక ఆస్పత్రి ప్లాను మర్నాటికి ఇవ్వాలి, కంప్యూటరేమో మధ్యలో దానంతటదే ఆరిపోతోంది. గతిలేక ఓనరుగారే ఫోన్ చేశారు. బావమరిదికి అది నచ్చలేదు. "నేను చూస్తానుగా బావా, బయటివాళ్ళెందుకు" అంటూ తలుపు దగ్గరే తచ్చాడాడు.

ఏసీ ఆగింది. గదిలో ఉక్క మొదలైంది. వదిన పని నడిపించి, వెనక్కి జరిగి నిలబడింది. డ్రాఫ్ట్స్‌మన్ భార్య — భర్త కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడింది.

హుస్స్...

వదినకే చేతిమీద వెంట్రుకలు లేచాయట. ఆవిడ మాత్రం కదల్లేదు. కళ్ళు మూసుకుని, ఒకటి, రెండు, పది ఊపిర్లు విన్నది.

"ఇది ఆయనది కాదు" అంది మెల్లగా. "పంతొమ్మిదేళ్ళు పక్కన పడుకుని విన్నాను. ఆయనకి పిల్లికూతలు. నాలుగు ఊపిర్లకోసారి దగ్గు. ఇది... ఏదో తిరుగుతున్న చప్పుడమ్మా."

వదిన పెట్టె పక్క రేకు విప్పింది. లోపల ప్రతి ప్లగ్గు పక్కనా చిన్న కాగితం ముక్క, చీమల్లాంటి అక్షరాలు — ముందు ఫ్యాను, వెనక ఫ్యాను, ప్రాసెసర్ ఫ్యాను. అంత పొందిక గల మనిషి చేతి పనిలో, ప్రాసెసర్ మీద మాత్రం అరచేతంత చవక ఫ్యాను, రంగురంగుల లైట్లతో వంకరగా వేలాడుతోంది.

ఆవిడ వంగి చూసింది. "ఆయన పెట్టింది ఇది కాదు. అది నల్లగా, ఇటుకంత ఉంటుంది. బిగించే ముందు ఇంటికి తెచ్చి చూపించాడు. దీనికి చప్పుడుండదు, పని చేసుకుంటుంటే నా ఊపిరి నాకు వినబడుతుంది, మందు ఎప్పుడు పీల్చాలో తెలుస్తుంది అన్నాడు."

ఫ్యాన్ల వేగం చూసే తెర తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. అది తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు పోయారు. రెండోవాడు తలుపు దగ్గరున్నాడు.

"కొట్టు" అన్నారు ఓనరుగారు. కొట్టాడు.

డెబ్బై డిగ్రీల వేడి దాకా ఫ్యాను మెల్లగా తిరగాలి. దాటిందా, ఒక్కసారిగా పూర్తి వేగం. వేడి దిగిందా, మళ్ళీ మెల్లగా. ఆ చవక ఫ్యానుకి తగ్గట్టు అలా పెట్టి ఉంది. పగలు ఏసీలో, చిన్న పనులకి వేడి అంతదాకా పోదు, తేడా ఎవరికీ తెలీదు. సాయంత్రం ఉక్కలో, పెద్ద పనికి — ఎక్కుతుంది, దిగుతుంది, ఎక్కుతుంది. ఆ చవక ఫ్యాను అదీ తట్టుకోలేనప్పుడు కంప్యూటరే ఆరిపోతుంది.

అంతే. అదే ఆయాసం.

"ఏరా, అసలు ఫ్యాను ఏది?" అన్నారు ఓనరుగారు.

బావమరిది ఆ రంగుల లైట్ల వైపు చూశాడు.

"మా ఇంట్లో... నా గేముల మెషీన్‌లో ఉంది బావా. ఆయన ఎలాగూ..."

పోయినవాడి సామాను ఎత్తుకుపోయి, పెట్టె ఎవరూ తెరవకుండా పోయినవాణ్ణే కాపలా పెట్టాడన్నమాట. దానికి తోడు, పని వదల్లేక తిరుగుతున్నాడని ఆ మనిషికో పేరు కూడా.

"రేపు తెప్పిస్తానమ్మా" అన్నారు ఓనరుగారు, ఆవిడ ముఖం చూడకుండా.

"రేపెందుకండీ? ఇప్పుడే వెళ్దాం" అంది ఆవిడ.

తొమ్మిదిన్నరకి బావమరిది ఇంటి ముందు దిగారు. పిల్లలు అన్నం తింటున్నారు. ఆయన పిల్లల ఎదుటే నేలమీద మోకాళ్ళేసి తన మెషీన్ విప్పాడు. మరలు చేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లిపోయాయి. వదిన స్క్రూడ్రైవర్ ఇచ్చిందే తప్ప, ఒక్క మరా ఏరి పెట్టలేదు.

ఆయన భార్యకి ఏమీ అర్థం కాలేదు. కొత్త మనిషిని నిలబెట్టడం బాగోదని కుర్చీ తెచ్చి వేసింది.

"మీరెవరండీ?" అని అడిగింది.

నేలమీదున్న మనిషి తలెత్తలేదు. ఆవిడ కూర్చుని, నల్ల ఫ్యానుని ఒళ్ళో పెట్టుకుని, రెక్కల మీద దుమ్ము వేలితో తుడిచింది.

"దెయ్యం భార్యనమ్మా" అంది.