కాకి ముట్టని ముద్ద

సెప్టెంబరు వచ్చినా ఆస్ట్రేలియాలోని టూవూంబాలో పొద్దుటి చలి వదల్లేదు. కోడలు అటు తిరగ్గానే లీల మూడు వేడి ఇడ్లీలు చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, వాటి మీద చెంచా నిండా నెయ్యి పోసి, మూత గట్టిగా నొక్కి జాకెట్ జేబులో దాచుకుంది. అరవై దాటిన మనిషి సొంత వంటింట్లో దొంగతనం చేయడమేమిటో! కానీ ఆ ఇడ్లీలు ఎవరి కోసమో చెబితే ఇంట్లో నమ్మేవాళ్ళెవరు?

"వాకింగ్‌కేనా అత్తయ్యా? టోపీ పెట్టుకోండి, బయట గాలి తెగ కొడుతోంది" అంది శ్రీదివ్య టీ వడపోస్తూ.

"ఎందుకమ్మా, ఇట్టే వచ్చేస్తాగా."

"ఇట్టే కాదు. ఫుల్ వన్ అవర్ నడవాలన్నాడు సాకేత్. మొన్నటి బ్లడ్ రిపోర్ట్ చూసినప్పట్నుంచీ తనకి నిద్ర లేదు."

లీల బూట్ల తాళ్ళు కట్టుకుంది. నెల రోజులుగా రోజూ నడకకని వెళ్తున్నా షుగర్ దిగలేదు సరికదా, ఇంకా ఎక్కింది. బరువూ పెరిగింది. కొడుకు చూస్తే ఆస్పత్రిలో డాక్టరు. ఊరందరికీ చెప్పే మాట సొంత తల్లి దగ్గర చెల్లకపోయేసరికి అతనికి తల కొట్టేసినట్టుగా ఉంది. ఆవిడ గుండె కూడా బలహీనంగా ఉందనీ, ఇలాగే సాగితే నాన్న దారే అవుతుందనీ మొన్న భోజనాల దగ్గర ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

నాన్న దారి! ఆవిడ రోజూ వెళ్తున్నది ఆ దారినే కదా!

భర్త ద్వారకానాథ్ పోయి ఈ నెలకి ఏడాది. యూనివర్సిటీలో పాతికేళ్ళు ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తిండంటే ప్రాణం, నడకంటే ఒళ్ళు మంట. ఈ ఊళ్ళో పాల సీసా తేవాలన్నా కారు తీయాల్సిందే కదా! పొట్ట పెరిగిందనీ కొలెస్ట్రాల్ పెరిగిందనీ బతిమాలి, సాధించి, తిట్టి, ఆయన్ని నడకలో పెట్టింది లీలే. ఆఖరి రోజు పొద్దున ఆయన ప్లేటు ముందుకు జరిపి, "ఇంకొక్క ఇడ్లీ వెయ్యవే, నెయ్యి కాస్త ఎక్కువ తగిలించు" అన్నారు. "ముందు నడిచి రండి, తర్వాత చూద్దాం" అని ఆవిడ ప్లేటు లాగేసుకుంది. ఆయన మూతి ముడుచుకుని వెళ్ళారు. పార్కు పక్కనున్న పెద్ద యూకలిప్టస్ చెట్టు కింద పడిపోయారు. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయింది.

పదో రోజున, బ్రిస్బేన్ నుంచి వచ్చిన పురోహితుడు పెరట్లో పిండం పెట్టించారు. కాకులు కంచె మీద వరసగా కూర్చుని అరిచాయే గాని ఒక్కటీ కిందికి దిగలేదు. పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలిపోయిందన్నారు వచ్చినవాళ్ళు. సాకేత్ చేతులు జోడించి, "అమ్మని బాగా చూసుకుంటాను నాన్నా" అన్నాడు. అయినా దిగలేదు. చివరికి పురోహితుడే, "ఫర్వాలేదమ్మా, ఇక్కడి కాకులకి మన పద్ధతులేం తెలుస్తాయి! నీళ్ళలో కలిపేద్దాం" అన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. లీలకు మాత్రం ఆ మిగిలిపోయింది ఏమిటో తెలుసు. ఒక్క ఇడ్లీ. నోరు విప్పి ఎవరికీ చెప్పలేకపోయింది.

పోయిన నెలలో కొడుకు పోరు పడలేక మొదటిసారి నడకకు బయల్దేరింది. ఆ చెట్టు కిందికి వచ్చి నిలబడిపోయింది. అంతలో వెనక రెక్కల చప్పుడు, నెత్తి మీద ఠప్పున దెబ్బ! చూస్తే మ్యాగ్‌పై పిట్ట, నలుపూ తెలుపూ కలిసినది. ఆవిడ వెనకే ఒక తెల్లావిడ కుక్కను పట్టుకుని వచ్చింది. స్కూలు పిల్లలు స్కూటర్లు తోసుకుంటూ వెళ్ళారు. పిట్ట వాళ్ళ జోలికి పోలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆయన పడిపోయిన చోటే, ఈవిడ నెత్తి మీదే! ఇక అనుమానమేముంది? ఏడాది తిరగబోతున్నా ఆయన కోపం చల్లారలేదు.

అప్పటినుంచీ ఇడ్లీల డబ్బా మొదలైంది.

ఈ రోజు కూడా చెట్టు మొదట్లో నిలబడి డబ్బా తెరిచింది. "ఏవండీ, తెచ్చాను. వేడిగా ఉన్నాయి. ఇంకెప్పుడూ ప్లేటు లాక్కోను, ఒట్టు. దిగి రండి" అంది మెల్లగా.

కొమ్మ మీది పిట్ట తల పక్కకు వంచి ఎర్రటి కంటితో చూసింది. కళ్ళజోడు పైనుంచి ఆయన చూసే చూపే అది. మరుక్షణం బాణంలా దూసుకొచ్చింది. లీల చేతులు అడ్డం పెట్టుకోలేదు. "కొట్టండి. నాకు తగిన శాస్తే" అంటూ కళ్ళు మూసుకుంది. పిట్ట రెండుసార్లు పొడిచి మళ్ళీ కొమ్మ మీదికి పోయింది. ఇడ్లీల వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

ఆయన కోసం తెచ్చినవి పారేయడానికి ఆవిడకి చేతులు రాలేదు. ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుని, కన్నీళ్ళు మింగుతూ మూడూ తినేసింది. ఇదీ రోజూ ఆవిడ చేస్తున్న నడక. ఆపైన ఇంటికొచ్చి కోడలు పెట్టిన టిఫిన్ తినక తప్పదు. షుగర్ ఎక్కక ఏమవుతుంది?

ఇల్లు చేరేసరికి చెవి పక్కనుంచి రక్తం కారుతోంది. శనివారం కాబట్టి సాకేత్ ఇంట్లోనే ఉన్నాడు.

"అమ్మా! పడిపోయావా? దివ్యా, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ తే!"

"ఏం లేదురా, పిట్ట తగిలింది."

సాకేత్ ఆవిడ్ని కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు పాయలు తీశాడు. చూస్తే తలంతా పాత గాయాలు, కొన్ని పక్కు కట్టినవి, కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నవి. "ఇవి ఈ రోజువి కావు. ఎన్నాళ్ళుగా పొడుస్తోంది? వేరే రూట్‌లో వెళ్ళొచ్చు కదా!"

రక్తం మరకైన జాకెట్ ఉతకడానికి తీసిన శ్రీదివ్య చేతికి జేబులో డబ్బా తగిలింది. మూత తీస్తే నెయ్యి వాసన గుప్పుమంది.

"వాట్ ఈజ్ దిస్?" అన్నాడు సాకేత్. మొహం ఎర్రబడింది. "వాకింగ్ అని చెప్పి బయట కూర్చుని నెయ్యి తింటున్నావా? టాబ్లెట్ల డోస్ పెంచనా, ఇన్సులిన్ పెట్టనా అని నేను బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే నువ్వు చేస్తున్న పని ఇదా అమ్మా!"

"సాకేత్, మెల్లగా" అంది శ్రీదివ్య.

"ఏం మెల్లగా? ముందు సిటీ కౌన్సిల్‌కి ఫోన్ చేస్తా. ఆ పిట్టని అక్కణ్ణుంచి తీసుకుపోతారు. తర్వాత ఈవిడ సంగతి చూద్దాం."

అతను ఫోన్ తీయగానే లీల కుర్చీలోంచి లేచి చెయ్యి పట్టేసుకుంది. "వద్దురా! నీకు పుణ్యముంటుంది. పంపించెయ్యకు. అది మీ నాన్నరా!"

ఏడాదిగా గొంతులో అడ్డం పడి ఉన్నదంతా అప్పుడు బయటికొచ్చింది. ఆఖరి ఇడ్లీ, లాక్కున్న ప్లేటు, కంచె దిగని కాకులు, తన ఒక్కదాని మీదికే దూకే పిట్ట, అన్నీ ఎక్కిళ్ళ మధ్య చెప్పేసింది. "ఆకలితో పంపించానురా ఆయన్ని. అందుకే నన్ను వదలడం లేదు."

శ్రీదివ్య పక్కనే కూర్చుని అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆమె స్కూల్లో చిన్నపిల్లలకు టీచరు. "అత్తయ్యా, మా పిల్లలకి ప్రతి సెప్టెంబర్ ఇదే చెబుతాం. మగ మ్యాగ్‌పై గూట్లో పిల్లలున్నన్ని రోజులూ ఇలాగే కాపలా కాస్తుంది. దానికి మనుషుల మొహాలు గుర్తుంటాయి. అందరూ నడిచి వెళ్ళిపోతున్నారు. మీరొక్కరే రోజూ గూడు కిందికెళ్ళి నిలబడుతున్నారు. పిల్లల్ని ఎత్తుకుపోవడానికి వచ్చారనుకుంటోంది."

లీల అడ్డంగా తలూపింది. నెల రోజులుగా నమ్మిన మాట అంత తేలిగ్గా ఎలా వదులుతుంది?

సాకేత్ కోపమంతా ఎటో పోయింది. తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు. "సరే, నాన్నే అనుకుందాం. నాన్న నీ మీద అలిగితే ఎంతసేపు ఉండేవాడు?"

"మధ్యాహ్నం భోజనం దాకా."

"భోజనం దాకా ఎక్కడ! కాఫీ వాసన వచ్చేదాకా. ఒకసారి వారం రోజులు నీతో మాట్లాడనని శపథం చేసి, పది నిమిషాల్లో వచ్చి నా సాక్సులేవే అని అడగలేదూ? ఆ మనిషి ఏడాది పాటు కోపం పట్టుకుని చెట్టెక్కి కూర్చుంటాడా? పైగా నెయ్యి ఇడ్లీ ఎదురుగా పెడితే తినకుండా?"

లీలకు నవ్వొచ్చేసింది. నిజమే, ఆయన వల్ల అయ్యే పనేనా అది! పకపకా నవ్వుతున్నదల్లా మధ్యలో ఆగిపోయింది.

"అయితే అది ఆయన కాదా?"

"కాదమ్మా."

"మరి ఆయనెక్కడున్నార్రా?"

సాకేత్ తల్లి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"కోపంగానైనా ఉన్నారనుకున్నాను. నెత్తి మీద ఆ దెబ్బ తగిలితే, పోనీలే, ఇక్కడే ఉన్నారులే అనిపించేది. ఇప్పుడదీ లేకపోతే నేనెవరి కోసం బయల్దేరాలి పొద్దున్నే?"

"నా కోసం బయల్దేరు" అన్నాడతను. "రెండోసారి అంబులెన్స్ వెనక కారు నడపడం నా వల్ల కాదమ్మా."

లీల కొడుకు మొహంలోకి చూసింది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడి ఉన్నాయి. వీడు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో! తన బాధలో పడి పిల్లాణ్ణి కన్నెత్తి చూసిందెప్పుడు?

ఆ సాయంత్రం ముగ్గురూ బయల్దేరారు. పార్కు వైపు కాకుండా, కొండ అంచున లోయ కనిపించే దారి పట్టారు. లీల ఈసారి నిజంగా నడిచింది. ఎత్తులో ఆయాసం వచ్చింది, మోకాళ్ళు నొప్పెట్టాయి, చెమట పట్టింది. శ్రీదివ్య నీళ్ళ సీసా అందిస్తే రెండు గుక్కలు తాగి మళ్ళీ నడిచింది. దారిలో ఎవరూ అడ్డం రాలేదు, నెత్తి మీద దెబ్బ పడలేదు. అన్నింటికంటే అదే భరించలేకపోయింది.

మలుపు దగ్గర ఆగి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"సాకేత్, మీ నాన్న పోయార్రా" అంది, అతనికి అప్పుడే తెలియజేస్తున్నట్టు.

"అవునమ్మా" అన్నాడు. ఆస్పత్రిలో సంతకాలు పెట్టినప్పుడు గాని, పదో రోజున గాని ఒక్క చుక్క రాల్చనివాడు, రోడ్డు పక్క గడ్డిలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. లీల అతని పక్కన కూర్చుని తల ఒళ్ళోకి లాక్కుంది. తనూ ఏడ్చింది. శ్రీదివ్య ఇద్దరి వెనకా నిలబడి వాళ్ళ భుజాల మీద చేతులు వేసింది.

చీకటి పడుతుండగా లీల ముందుగా లేచింది. చున్నీతో కొడుకు మొహం తుడిచి, చెయ్యి అందించింది.

"లే నాన్నా. ఇంకాస్త దూరం నడుద్దాం."