నీలం ఫ్యూజు

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే కారు బానెట్ ఎత్తింది మధులత. లోపలి నల్ల డబ్బా మూత తీసి చూసేసరికి ఒళ్ళు మండిపోయింది. హెడ్‌లైట్ల ఫ్యూజు ఉండాల్సిన చోట మళ్ళీ ఖాళీ!

వారం కిందట లైట్లు రెండూ ఒకేసారి ఆరిపోయినప్పుడు ఆమెకు ఏ అనుమానమూ రాలేదు. ఆత్మకూరు మెకానిక్ చెంచయ్య ఫోన్లోనే చెప్పాడు. "రెండూ ఒకతూరే పోయినాయంటే బల్బులు కాదమ్మా, ఫ్యూజు చూడు. లోపల తీగ తెగి ఉంటాది."

నిజంగానే తెగి ఉంది. కొత్త నీలం ఫ్యూజు తెచ్చి తనే నొక్కింది, లైట్లు వెలిగాయి. పక్కన మంచం మీద చెనక్కాయలు ఒలుస్తున్న అత్త మాలకొండమ్మ, "ఇంతేనా పని!" అని నోరు తెరిచింది. గురువారం చూస్తే ఆ ఫ్యూజు మాయం. ఇంకోటి పెట్టింది. ఇప్పుడు అదీ లేదు. కాలిపోయిన ఫ్యూజయితే ఉన్నచోటే ఉంటుంది గానీ, కాళ్ళొచ్చి నడిచిపోదు గదా!

"ఏమయ్యా, ఫ్యూజు నువ్వు తీసినావా?"

పళ్ళు తోముకుంటున్న సురేంద్రబాబు ఇటు తిరగనైనా లేదు. "నేనెందుకు తీస్తా? లైట్లు లేకపోతే రేపు సాయంత్రం నిన్ను తీసుకురావడానికి మాత్రం రాలేను."

ఆ గొంతులో విచారం లేదు సరికదా, ఊరట వినబడింది. అది మధులత చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

పెళ్ళయిన ఆరేళ్ళకు దొరికిన ఉద్యోగం ఆమెది. ఆత్మకూరులో రక్తపరీక్షలు చేసే ల్యాబు. ఏడింటికి గానీ వదలరు. అప్పటికి ఉదయగిరి దగ్గరున్న వాళ్ళ ఊరి బస్సు వెళ్ళిపోతుంది. మూడు నెలలుగా భర్తే కారులో తీసుకొస్తున్నాడు. ఈ వారం లైట్ల పుణ్యమా అని రెండు రోజులు బస్సుకని ముందే వచ్చేసింది. రేపటి నుంచి ఏడుదాకా ఉండకపోతే వేరే మనిషిని చూసుకుంటామని ల్యాబ్ యజమాని తేల్చి చెప్పాడు.

అంటే తల్లీకొడుకులు కూడబలుక్కున్నారా? నోటితో వద్దనలేక ఇలా మాన్పిస్తున్నారా? ఆ రోజంతా ఆమె వంట చేస్తూనే కిటికీలోంచి కారును కాపలా కాసింది. అత్త కోళ్ళను అదిలించే వంకతో రెండుసార్లు కారు చుట్టూ తిరిగింది. మూడోసారి కోడలి చూపు తగలగానే గబగబా వంటపాకలోకి పోయింది.

పొద్దుగూకుతుండగా మాలకొండమ్మ వాకిట్లో కూర్చుని, "అమ్మే, నా వక్కాకు తిత్తి తెచ్చియ్యి" అంది. అన్నాక ఏదో గుర్తొచ్చినట్టు, "వద్దులే, నేనే తెచ్చుకుంటా" అని లేవబోయింది.

అప్పటికే మధులత తిత్తి విప్పి మంచం మీద కుమ్మరించింది. వక్కలు, సున్నపుకాయ, రెండు నీలం ఫ్యూజులు.

"నా కడుపు మీద ఎందుకు కొడతా ఉండావు అత్తా? నేను నాలుగు ఊర్లు తిరిగితే నీకేం కష్టం?"

గొడవ విని గొడ్ల కొట్టం నుంచి సురేంద్ర వచ్చాడు. "అమ్మా! నువ్వా తీసింది?"

"నేనే తీసినాను." మాలకొండమ్మ కొడుకు వైపు తిరిగింది. "రేయ్, ఆ గుంజకు ఎన్ని మేకలు కట్టి ఉండాయో చెప్పు."

"ఇప్పుడు మేకల లెక్కేందమ్మా?"

"చెప్పరా!"

సురేంద్ర గుంజ వైపు కళ్ళు చికిలించి చూశాడు. "మూడు."

మధులత తల తిప్పి చూసింది. గుంజ దగ్గర ఒక్క మేకా లేదు. మంద ఇంకా ఇంటికే రాలేదు.

"మీ మామ కూడా ఇంతే" అంది మాలకొండమ్మ, కోడలి వైపు తిరిగి. "పొద్దుగూకితే గోడ పట్టుకుని నడిచేవాడు. రేచీకటని ఎవరికీ చెప్పనిచ్చేవాడు కాదు. బావి ఒడ్డు కనబళ్ళా ఒకనాడు. వీడూ చెంబు కోసం తడుముకుంటా ఉంటే నా గుండె ఆగిపోయింది. అడిగితే కసురుతాడు. లైట్లు లేకుంటే తోలడు గదా అనుకున్నా."

సురేంద్ర తల వంచుకున్నాడు. "ముందుపోయే లారీల ఎర్రలైట్లు పట్టుకొని వచ్చేవాణ్ణి. చెప్తే నువ్వు ఉద్యోగం మానేస్తావని..."

"కారులో నీ పక్కన నిద్రపోయినాను గదయ్యా మూడు నెలలూ!" మధులతకు భయం, కోపం, జాలి ఒక్కసారే తన్నుకొచ్చాయి. మంచం కోడు పట్టుకుని వలవలా ఏడ్చింది. దొంగలనుకుని రోజంతా తను అనుమానించిన ఇద్దరూ, తన కోసమే ఒకరు రేచీకటి సంగతీ ఒకరు ఫ్యూజులూ దాచారని తెలిసి మరింత ఏడ్చింది.

మాలకొండమ్మ ఆమె తల నిమిరింది. "ఫ్యూజు వెయ్యడం నేర్చినదానివి, కారు తోలడం నేర్వలేవా? అందాకా ఆత్మకూరులోనే ఉండు. ఇల్లు నేను చూసుకుంటా."

మధులత కళ్ళు తుడుచుకుని, ల్యాబులో తనతో పనిచేసే అశ్వితకు ఫోన్ చేసింది. నెల రోజులు ఆమె గదిలో ఉంటానంది. రేపటి నుంచి ఏడుదాకా డ్యూటీ చేస్తానని యజమానికీ చెప్పింది.

"బుధవారం ఒక్కరోజు సెలవు అడిగినాను. నెల్లూరు కంటి డాక్టరు దగ్గరికి పోతా ఉండాం" అంది భర్తతో.

"పగలు నేను నేర్పిస్తాను కారు" అన్నాడు సురేంద్ర చిన్నగా.

చీకటి చిక్కబడింది. అతను ఇంట్లోకి వెళ్ళబోయి, గడప ముందు కాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయాడు. మధులత వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"మెట్టు" అంది.

అతను కాలెత్తి పెట్టాడు.

"ఇంకోటి."