ఉత్తరం తప్పిన పడవ

ఆ పడవలో తెల్లారిందంటే ముందు పొయ్యి మీద ఎండ పడాలి. ఉత్తరంగా బయల్దేరిన దగ్గర్నుంచీ, కుడివైపు గుండ్రటి కిటికీలోంచి వచ్చే వెలుగు నేరుగా వచ్చి ఎదురుగా ఉన్న పొయ్యి మీదే పడుతోంది. కాఫీకి గిన్నె పెట్టబోయిన ఇల్లాలు ఇవాళ చెయ్యి ఆపింది. వెలుగు పొయ్యిని వదిలేసి, వెనక్కి జరిగి, పైకెళ్ళే మెట్ల మీద పడి ఉంది.

సూర్యుడు దారి తప్పడు. తప్పితే పడవే తప్పాలి. పడవ తప్పిందంటే చుక్కాని పట్టుకున్న మనిషిని అడగాలి.

ఆవిడ మెకానిక్కు. రేవుల్లో పడవల ఇంజన్లూ పంపులూ బాగుచేస్తుంది. చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పగల మనిషికి మొగుడి గొంతులో తేడా తెలియకుండా ఉంటుందా? మూడు రోజులుగా ఆయన మాట తేడాగానే ఉంది. అడిగినదానికి ఒక్క ముక్క, అడగనిదానికి నవ్వు.

ఆయనది తెరచాపలు కుట్టే పని. రేవుకో వారం చొప్పున ఊరూరా తిరిగే ఆ పడవే వాళ్ళ ఇల్లు. కూతురికి పదమూడేళ్ళు. తెరచాప కొయ్యెక్కి దిగే తీరు చూసి ‘ఉడత’ అని పిలుస్తారు. ఎల్లుండి పొద్దున పదింటికల్లా ఉడత హాస్టలు బడిలో చేరాలి. పది దాటితే సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు.

పోయినేడూ ఇలాగే బయల్దేరారు. దారిలో తెరచాప జానెడు చిరిగింది. ఊరందరి తెరచాపలూ పూటలో కుట్టిచ్చే మనిషి తన జానెడు చిరుగుకి మూడు రోజులు తీసుకున్నాడు. సీటు పోయింది. పిల్ల వారం రోజులు అన్నం దగ్గర తలెత్తలేదు. ఈసారి జీపీఎస్ మొన్న ఉప్పునీళ్ళు తాగి చచ్చింది. దాని మూత తెరిచి ఉంచిందెవరో ఎవరూ ఒప్పుకోలేదు. ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయింది. రాత్రంతా మబ్బు పట్టి ఒక్క చుక్కా కనబడలేదు. అన్నీ ఆయనకి కలిసొచ్చినట్టే ఉన్నాయని ఆవిడకి అనిపించింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా, కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయినా ఆవిడ చూసుకోలేదు.

గ్లాసు పట్టుకుని పైకెళ్ళింది.

"ఎటు పోతున్నామండీ?"

"ఎటేమిటి, ఉత్తరం."

"ఎండ మెట్ల మీద పడిందేం మరి?"

ఆయన కాఫీ అందుకుని సముద్రం వైపు చూశాడు. "అలలు పడవని అటూ ఇటూ తిప్పుతుంటే ఎండ ఒకచోటే ఉంటుందా? అయినా నీకు పొద్దున్నే పంచాయితీ పెట్టకపోతే కాఫీ దిగదు కదా!"

నవ్వాడు కానీ, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. ఆవిడ ఇంకేదో అనేలోపే మబ్బు వచ్చి సూర్యుణ్ణి మింగేసింది. దాంతో సాక్ష్యం కూడా పోయింది.

తొమ్మిదయ్యేసరికి గాలి ఈల వెయ్యడం మొదలుపెట్టింది. అలలు లేచి పడవ ముక్కు మీద విరుచుకుపడ్డాయి. కింద గిన్నెలన్నీ ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. ఆయనా ఆవిడా నడుములకి తాళ్ళు కట్టుకుని తెరచాపని సగానికి దించారు. ఉడత మెట్ల మీద నిలబడి నీళ్ళు తోడే పంపు కొడుతోంది.

"నాన్నా, ఎల్లుండికి వెళ్ళిపోతాంగా?" అని అరిచింది.

"గాలి ఇలా ఉంటే ఏం చెప్పగలం తల్లీ? చూద్దాం."

ఆ ‘చూద్దాం’ అన్నమాట ఆవిడకి ఒళ్ళు మండించింది. పోయినేడు కూడా మూడు రోజులూ ఆ మాటే అన్నాడు.

"చూసేదేముంది? చూడకూడదనే మీ ఎత్తు. నిన్న సాయంత్రం నుంచీ పడవని తూర్పుకి మళ్ళించారు. నిజమా కాదా?"

"ఎవరు మళ్ళించారు? రాత్రి సగం చుక్కాని పట్టింది నువ్వే కదా!"

"నేను దిక్సూచి ముల్లు చూసి పట్టాను. అది ఉత్తరమే చూపించింది."

"ఇప్పుడూ ఉత్తరమే చూపిస్తోంది. వచ్చి చూడు."

చుక్కాని ఎదురుగా గది గోడకి బిగించిన, పడవ ఎటు పోతోందో చూపే దిక్సూచి వైపు ఆవిడ వంగి చూసింది. నిజమే, ముల్లు బుద్ధిగా ఉత్తరం మీదే ఉంది. పాలు తాగే పిల్లి కూడా అంత బుద్ధిగా ఉండదు.

"అయితే దాన్నీ ఏదో చేశారు!"

"నీకేమన్నా మతిపోయిందా?"

"మీరు పిల్లని దించరు. పోయినేడూ దించలేదు. మీ ఒంటరితనానికి దాని చదువు బలి! ఆ మాట ధైర్యంగా ఒప్పుకోండి, నమస్కారం పెడతాను!"

ఉడత పంపు ఆపేసింది. ఆయన మొహం పాలిపోయింది. జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే కొండంత అల పక్కనుంచి కొట్టింది. పడవ ముందుకి వంగి పక్కకి ఒరిగింది. కింద గదిలో ఏదో బరువైనది దభీమని పడి, నేల మీద గీసుకుంటూ ముందు మూలకి జారిపోయింది. పడవ మళ్ళీ తన దారిలోకి వచ్చి నిలబడింది. దిక్సూచి ముల్లు మాత్రం నిలబడలేదు. గిర్రున తిరిగి, ఉత్తరం వదిలేసి, ఈశాన్యం మీద ఆగింది.

ముగ్గురూ దాన్నే చూశారు.

"అమ్మా, పడింది నా పెట్టె!" అంది ఉడత కిందకి తొంగిచూసి.

బడికి కొన్న ఇనప ట్రంకుపెట్టె. నిన్న సాయంత్రం ఆవిడే దాన్ని ముందుగదిలో ఉడత మంచం కింద నుంచి మోసుకొచ్చి, మెట్ల పక్క అరలో, దిక్సూచికి సరిగ్గా గోడవతల పెట్టి, పైన దుప్పటి కప్పింది. ఇనుము దగ్గరుంటే ముల్లు అబద్ధం చెబుతుంది. ఆ అరలో ఎవరైనా స్క్రూడ్రైవర్ మర్చిపోతే పడవ ఎగిరిపోయేలా కేకలేసే మనిషి, ఏకంగా పెట్టెనే పెట్టింది.

ఆయన గెలిచినట్టు నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"ముందుగదిలో నీళ్ళు కారుతున్నాయని తెచ్చాను" అంది నీరసంగా.

"నా మంచం కింద పొడిగానే ఉందిగా అమ్మా?"

ఆవిడ పెట్టెని తెచ్చిన కారణం అది కాదు. పిల్ల రోజూ పదిసార్లు ఆ పెట్టె తెరిచి బట్టలు మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తుంటే చూడలేకపోయింది. కళ్ళెదుట లేకపోతే చాలనుకుంది. ఎక్కడ పెడుతున్నానన్నది చూసుకోలేదు.

"దాన్ని చూడలేకపోయానే" అంది చివరికి. "అది కదిలినప్పుడల్లా నువ్వు వెళ్ళిపోతున్నట్టుండేది. మీ నాన్ననేమో దొంగని చేశాను."

"పూర్తిగా అబద్ధం కాదులే" అన్నాడు ఆయన. చుక్కాని కర్రకేసి చూస్తూ మాట్లాడాడు. "పడవని నేను మళ్ళించలేదు. కానీ పొద్దున ఎండ నేనూ చూశాను. తెరచాప నీడ తప్పుగా పడిందని అప్పుడే తెలిసింది. లేచి వెతికి ఉంటే రెండు గంటల ముందే పెట్టె దొరికేది. పోనీలే, ఇంకో పూట ఆలస్యమైతే ఇంకో పూట పిల్ల ఉంటుందనుకున్నాను. పోయినేడు చిరుగు అంతే. రోజూ కొంచెం కుట్టి, కొంచెం విప్పేవాణ్ణి."

ఆవిడకి ఆయన్ని కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యడానికి ఆ గాలిలో వీల్లేదు. ఉడత మాత్రం ఏడుస్తోంది. వెక్కుతూనే తాళ్ళు పట్టుకుని పైకొచ్చి నాన్న పక్కన కూర్చుంది.

"నేనంటే ఇష్టం లేక పంపేస్తోందని అమ్మ మీద కోపం వచ్చింది. నేను బాగుపడటం ఇష్టం లేక ఆపేస్తున్నావని నీ మీద వచ్చింది" అంది. "ఇద్దరూ ఒక్కసారన్నా నాకు చెప్పచ్చుగా?"

ఆవిడ వంగి దిక్సూచి మళ్ళీ చూసింది.

ఇప్పుడు పడవని ఉత్తరానికి తిప్పితే గాలి దాదాపు ఎదురు. రెండు రోజులు తడవాలి, నిద్ర ఉండదు. తిప్పకపోతే తప్పు గాలిదే అవుతుంది, ఎవరూ ఎవరినీ అనక్కర్లేదు. ఆయన భార్య వైపు చూశాడు.

"నువ్వు పట్టు. నా చేతుల్ని నేను నమ్మలేను."

"నావి మాత్రం? పెట్టింది నేనే కదండీ."

 ఆయన జరిగి చోటిచ్చి, పిల్ల నడుముకి తాడు కట్టి, ముడి రెండుసార్లు లాగి చూసి, చుక్కాని కర్ర దాని చేతుల్లో పెట్టాడు. మొగుడూ పెళ్ళాం తెరచాప తాళ్ళ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళారు. పడవ మెల్లగా గాలి వైపు తిరిగింది. మొదటి అల ముగ్గురినీ నిలువునా ముంచింది. ఉడత కర్ర వదల్లేదు.

"నాన్నా, మళ్ళీ ఆలస్యం చెయ్యవుగా?" అని గాలిలోంచి అరిచింది.

"అవకాశమొస్తే చేస్తానేమోనమ్మా" అని ఆయన తిరిగి అరిచాడు. "అందుకే నీకిచ్చాను, గట్టిగా పట్టుకో!"