ఇంటి రోజుల్లో మాయమైన అంచులు

సింధూరకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. పాలు తాగే బిడ్డను వదిలి రోజూ ఆఫీసుకు పోవలసి వస్తుంది, లేదంటే ఉద్యోగమే పోతుంది. కే.జీ.కండిగై నుంచి బిడ్డను చంకనేసుకుని వచ్చి, తిరుత్తణిలో డిటెక్టివ్ దేవసేన ముందు కూర్చోగానే ఆమె చెప్పింది ఆ మాటే.

సింధూర తిరువళ్ళూరులోని ఒక చీరల కంపెనీకి కంప్యూటర్‌లో అంచుల డిజైన్లు గీస్తుంది. వారంలో కొన్నాళ్ళు ఆఫీసులో, మిగతా రోజులు ఇంట్లో. గీసినవన్నీ నెట్‌లో ఆఫీసుకు చేరిపోతాయి, ఇంట్లో ఏమీ మిగలదు. అయితే ఇంటి రోజుల్లో ఆమె పేరు మీద ఒక్క డిజైనూ కనబడడం లేదు. ఇంట్లో ఉంటే పని జరగదని యజమాని తణికాచలం తేల్చేశాడు. సోమవారం నుంచి అందరూ ఆఫీసుకే రావాలన్నాడు.

"నేను గీసినానక్కా. అవి యాడికి పోయినాయో తెలీదు," అంది సింధూర.

దేవసేన చూపు బిడ్డ బుగ్గ మీది కాటుక చుక్క మీద నిలిచింది. చీరల పనిలో ఉన్నావు, మీది నేత కుటుంబమా అని అడిగింది. అవునని, బిడ్డకైనా చీరకైనా దిష్టి చుక్క పెట్టనిదే తమ ఇంట్లో గడప దాటించరని సింధూర చెప్పింది.

మరునాడు దేవసేన తన సహాయకుడు ముకేశ్‌తో తిరువళ్ళూరు వెళ్ళింది. సూపర్‌వైజర్ రామన్ ఆఫీసు జట్టు గీసిన డిజైన్లను గర్వంగా చూపించాడు. వచ్చిన ప్రతి డిజైన్‌నూ మొదట తెరిచి, దాన్ని ఎవరి పేరు మీద వేయాలో చూసేది తానేనన్నాడు. తెర మూలన ఉన్న దుమ్ము నలుసును ముకేశ్ రుమాలుతో తుడిచాడు. అది పోలేదు. ఇంకో డిజైన్ తెరిస్తే దాంట్లోనూ ఉంది. దేవసేన యజమానినీ, సింధూరతో సహా జట్టు అందరినీ పిలిపించమంది.

అందరూ చేరాక సింధూరను ఒక అంచు గీయమంది. బిడ్డ ముకేశ్ చేతుల్లోకి మారింది. తెర మీద తీగ సాగింది, మొగ్గలు విచ్చాయి, మామిడి పిందెలు వేలాడాయి. చివర ఆమె చేయి, తనకే తెలియకుండా, ఒక మూలన గసగసాల గింజంత నల్ల చుక్క పెట్టింది.

"రామన్ గారూ, మీ జట్టు డిజైన్లలో సగానికి పైగా ఈ చుక్క ఉంది. మీ ఆఫీసులో దిష్టి పెట్టేది ఎవరు?" అని అడిగింది దేవసేన.

పేర్లు మార్చింది తానేనని రామన్ ఒప్పుకున్నాడు. తణికాచలం వైపు తిరిగి అన్నాడు: "అందరూ ఇంట్లోనే ఇంత పని చేసేస్తే, ఇంక నేనెవరికి సూపర్‌వైజర్నయ్యా?"

ఆఫీసులో కూర్చున్నవాళ్ళకంటే ఈ పిల్ల ఇంట్లో ఉండి ఎక్కువ గీసిందా అని తణికాచలం నోరు వెళ్ళబెట్టాడు. ఇంటి రోజులు ఎప్పటిలాగే ఉంటాయని అక్కడే చెప్పాడు.

"ఒక్క చుక్కతో పట్టేసినావే అక్కా," అన్నాడు ముకేశ్ భక్తిగా.

దేవసేన నవ్వలేదు. డిజైన్లు వచ్చిన వేళలు చూస్తోంది. తెల్లారుజామున కొన్ని, మిట్టమధ్యాహ్నం కొన్ని, ఊరంతా పడుకున్నాక మరికొన్ని.

"బిడ్డ నిద్రపోయినప్పుడల్లా గీసింది ముకేశూ. మరి ఈ తల్లి నిద్రపోయింది ఎప్పుడు?"

సింధూర ఉద్యోగం నిలిచింది. ఇప్పుడూ ఆమె ఇంట్లో కూర్చుని అంచులు గీస్తూనే ఉంది. మీలో ఎవరైనా కే.జీ.కండిగై వైపు వెళితే, ఒక్కసారి ఆ ఇంట్లోకి తొంగి చూడండి. బిడ్డను కాసేపు ఎత్తుకోండి. ఆ తల్లి కాస్త కునుకు తీసిందో లేదో చూసి రండి.