తడికకు తాళం

కూర్చున్న చోటు నుంచి కదలకుండా, పని పూర్తయిందని సంతకం పెట్టేవాళ్లు మీలోనూ ఉన్నారు. తల దించుకుని లాభం లేదు, మీ మొహాలే చెబుతున్నాయి. ఈ కథ మీకోసమే.

పెద్ద రోడ్డు మీద, ఒక పల్లెకు తిరిగే మలుపులో బస్సు ఆగే చోటుంది. ఒక సిమెంటు బల్ల, పైన రేకు. అంతే. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ కూర్చునేవారు కాదు. కూర్చుంటే చెవి దగ్గర ఒక ఆడగొంతు అడిగేదట— "ఇక్కడ ఎంతమందిమి ఉన్నాం?"

జనాభా లెక్కల గుమాస్తాకు ఆ సంగతి తెలియదు. ఆ రాత్రి ఆయన అక్కడ దిగి బస్సు మారాలి. పట్నం ఆసుపత్రిలో కూతురికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు.

"నాన్నేడీ, నాన్నేడీ అని ఒకటే గోల. ఆఖరి బస్సు గనక తప్పిపోయిందో, మీ సంగతి చెబుతాను," అంది భార్య ఫోన్లో.

బల్ల మీద కూర్చున్నాడు. ఆ మలుపు ఆయనకు కొత్త కాదు. తొమ్మిదేళ్ల కిందట ఆ పల్లె లెక్క రాసింది ఆయనే. అయిదు వందల మంది తేలితే ఊళ్లోకి బస్సు వేస్తామన్నారు పైవాళ్లు. ఏటికి ఇవతల నాలుగు వందల ఎనభై ఎనిమిది మంది తేలారు. అవతల ఇంకో ముప్ఫై గడపలు. ఏట్లో మోకాటి లోతు నీళ్లు. కాళ్లకు కొత్త బూట్లు. ఆయన టీ కొట్లోనే కూర్చుని, అవతలి ఇళ్లన్నిటికీ 'తాళం వేసి ఉంది' అని రాసి పారేశాడు.

"అయ్యా, మమ్మల్ని కూడా రాసుకోండి," అని అవతలి గట్టు మీంచి ఎవరో కేకేశారు.

"రేపొస్తానమ్మా," అన్నాడు.

ఆ రేపు రాలేదు. ఊళ్లోకి బస్సూ రాలేదు.

పక్కన ఎవరో కూర్చున్నట్టయింది... తడిబట్టల వాసన. తిరిగి చూశాడు. దుప్పటి తల మీదుగా కప్పుకున్న ఆడమనిషి. నిండు నెలలు. దుప్పటి అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎక్కడికమ్మా?"

"ఆసుపత్రికే. మంచం మీద మోసుకొచ్చారు. ఏరు దాటి ఇక్కడికి చేరేసరికి బస్సు వెళ్లిపోయింది."

"మోసినవాళ్లేరీ?"

"వెళ్లిపోయారు... నా ఒంటిని మోసుకుని."

గుమాస్తా చప్పున లేవబోయాడు. కాళ్లు కదల్లేదు.

"గుమాస్తా గారూ, మా ఇంటికి తాళం వేసి ఉందని రాశారట. మాకు తలుపే లేదు, తడిక. తడికకు తాళం ఎలా వేస్తారో కాస్త చెప్పి వెళ్లండి."

"తప్పయిపోయింది తల్లీ... మా అమ్మాయిని మాత్రం ఏమీ చేయకు."

"ఆమె జోలి నాకెందుకు? సుఖంగా కంటుంది." గొంతు మరీ చిన్నదయింది. "ఇక్కడ ఎంతమందిమి ఉన్నాం?"

"ఇ... ఇద్దరం."

"ఎవరూ లేరని రాసుకుంటున్నాను."

దూరాన బస్సు దీపాలు. పక్కన చూస్తే బల్ల ఖాళీ, తడి మరక తప్ప. కాళ్లు ఆడాయి. రోడ్డు మీదికి ఉరికి రెండు చేతులూ ఊపాడు. బస్సు నెమ్మదించింది. కండక్టరు తల బయటపెట్టి సూటిగా ఆయన మొహంలోకే చూశాడు—

"ఎవరూ లేరు, పోనీ అన్నా."

బస్సు వెళ్లిపోయింది.

రాత్రంతా నడిచాడు. తెల్లారేసరికి ఆసుపత్రి. కూతురి పక్కలో ఎర్రగా పసిగుడ్డు. మంచం కాళ్ల వైపు నిలబడి, "అమ్మలూ," అన్నాడు.

కూతురు ఆయన్ని దాటి గుమ్మం వైపు చూసింది. "అమ్మా, నాన్న ఇంకా రాలేదేంటి?"

"వస్తార్లే. బస్సు తప్పిపోయి ఉంటుంది," అంది భార్య, ఆయన ముందు నుంచే వెళ్లి తలుపు దగ్గరికి వేస్తూ.

ఆ మలుపులో ఆడగొంతు మళ్లీ ఎవరికీ వినపడలేదు. ఇప్పుడు వినిపించేది మగగొంతు. పొద్దు పోయాక వచ్చే ప్రతి బస్సు వెంటా పరిగెడుతుంది...

"నన్ను కూడా రాసుకోండి."